కోనసీమలో పూల ఆరబెట్టు పద్ధతులు: తాటిపాక ప్రాంతపు చిన్న రైతు దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

అమ్ముడుపోని పూలను ఎండబెట్టి నిల్వచేస్తే చిన్న రైతుకు ఆదాయం పెరుగుతుందన్న సూచన తరచుగా వినిపిస్తుంది. ఈ సూచన కోనసీమ వంటి తడిగాలి ప్రాంతంలో ఏ మేరకు నిలుస్తుందో తాటిపాక పరిసరాలను ఆధారంగా చేసుకొని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగువారి సంప్రదాయంలో ఎండబెట్టే పూలు దాదాపు అన్నీ వేసవి పూలేనని, నేటి తోటల పూలు తేమ కాలంలో కోతకు వస్తాయని, అందువల్ల పాత పద్ధతి యథాతథంగా పనికిరాదని చూపుతుంది. కొబ్బరిని ఎండబెట్టడంలో ఈ ప్రాంతానికి ఉన్న అనుభవం, కొబ్బరి చిప్ప ఇంధనం ఇందుకు ఎలా ఉపకరిస్తాయో వివరిస్తుంది.

కీలకపదాలు: కోనసీమ, తాటిపాక, బంతి, గాలి తేమ, నీడన ఆరబెట్టడం, కొబ్బరి చిప్ప పొయ్యి, వృత్తిపదాలు.

1. ప్రవేశిక:

రాజోలు మండలంలోని తాటిపాక వసిష్ఠ, వైనతేయ గోదావరీ పాయల మధ్యనున్న లంక భూభాగానికి చెందిన ఊరు. పందొమ్మిదో శతాబ్ది మధ్యలో ధవళేశ్వరం ఆనకట్ట, దాని వెంట వైనతేయపై గన్నవరం అక్విడక్టు రావడంతో ఇక్కడికి కాలువ నీరు చేరింది. నాటి నుంచి వరి, కొబ్బరి ఈ ప్రాంతపు జీవనాధారాలు. ఇటీవలి తరాలకు తాటిపాక పేరు చెప్పగానే చమురు, సహజవాయువు గుర్తుకు రావచ్చు. కానీ ఊరి చుట్టూ కనిపించేది నేటికీ కొబ్బరి తోపే.

ఈ రెండు పంటలూ రైతును కలవరపెట్టిన సందర్భాలు కొద్దిపాటివి కావు. 1996 నవంబరు 6 నాటి తుఫాను కొబ్బరి చెట్లను తోపులకు తోపులుగా కూల్చింది. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేక వరి సాగుకు విరామం ప్రకటించారు. తర్వాతి సంవత్సరాల్లో సర్పిలాకార తెల్లదోమ కొబ్బరి ఆకును పీల్చివేసింది. అర ఎకరం, ఎకరం ఉన్న రైతు, అంతకన్నా ఎక్కువగా కౌలుదారు, మూడో ఆదరువు కోసం వెతకడం సహజం. పెరట్లో, గట్ల మీద, లేత తోటల నడుమ ఎండ తగిలే చోట వేసుకోగల బంతి, చామంతి వంటి పూలు అటువంటి ఆదరువుల్లో ఒకటి. పూల వ్యాపారానికి గోదావరి జిల్లాల్లో పేరుపడిన కేంద్రం కడియం. కడియపులంక పూల సంతలో నిలిచే ధరే చుట్టుపక్కల రైతుకు ధర.

పూల ధర పంచాంగాన్ని అనుసరిస్తుంది. వినాయక చవితి, దసరా, దీపావళి, కార్తికం, పెళ్లి ముహూర్తాలు దాన్ని పెంచుతాయి. ఆషాఢం, మూఢాలు దాన్ని దించుతాయి. మొక్కకు మాత్రం మూఢం తెలియదు. కోతకు వచ్చిన పువ్వును కోయకపోతే తర్వాతి మొగ్గ తగ్గుతుంది, కోస్తే కూలి కూడా రాని రోజులుంటాయి. కొబ్బరి కాయకు ధర లేకపోతే రైతు దింపు వాయిదా వేస్తాడు, లేదా కాయను కురిడీకి వేస్తాడు. పువ్వుకు ఆ వెసులుబాటు లేదు. దాని గడువు ఒక పూట, మహా అయితే రెండు రోజులు. ఎండబెట్టడం అనే ఆలోచన ఈ గడువును పొడిగించే ప్రయత్నం.

2. ఆరడం, ఎండడం, వాడడం:

పద్ధతుల్లోకి వెళ్లే ముందు తెలుగు క్రియలను గమనించడం ఉపయోగకరం. తేమను పోగొట్టడానికి వాడుకలో రెండు ప్రధాన క్రియలున్నాయి. వడియాలు, చేపలు, మిరపకాయలు ‘ఎండబెడతారు’. ఉతికిన బట్టలు, తడి జుట్టు, పెట్టుకున్న గోరింటాకు ‘ఆరబెడతారు’. ‘ఎండు’ అనే క్రియకు ‘ఎండ’తో ఉన్న చుట్టరికం పైకే కనిపిస్తుంది. ‘ఆరు’ అనే క్రియలో ఎండ ప్రసక్తి లేదు. దీపం ఆరుతుంది, వేడి అన్నం ఆరుతుంది, బట్ట ఆరుతుంది. మూడింటిలోనూ పని చేసేది చాలావరకు గాలి. మూడో క్రియ ‘వాడు’. వాడిన పువ్వులో తేమ కొంత పోయింది, కానీ అది ఎండలేదు, ఆరనూ లేదు. కణాలు చితికి, రంగు మారి, కుళ్లడానికి సిద్ధంగా ఉన్న స్థితి అది.

ఈ మూడు మాటల మధ్య తేడాయే పూల విషయంలో శాస్త్రీయమైన తేడా కూడా. పువ్వును ఎండలో పెడితే రంగు పోతుంది. ఆలస్యం చేస్తే వాడుతుంది. వాడకముందే ఆరబెట్టాలి. వ్యవసాయ విస్తరణ కరపత్రాల్లో ‘డ్రైయింగ్’ అనే ఒక్క మాటకు అన్నిచోట్లా ‘ఎండబెట్టడం’ అని రాయడం వల్ల రైతు పూలను డాబా మీద ఎండలో పరిచే ప్రమాదం ఉంది. వృత్తిపదాల పట్ల శ్రద్ధ నిఘంటు నిర్మాణానికే పరిమితం కాదనడానికి ఇదొక నిదర్శనం.

3. సంప్రదాయంలో ఎండు పూలు:

పూలను ఎండబెట్టి దాచడం తెలుగువారికి కొత్త విద్య కాదు. ఉగాది నాటికి రాలే వేపపువ్వును చాట్లలో ఎండబెట్టి ఏడాది పొడవునా చారుకు, పొడికి వాడుకుంటారు. మన్యంలో ఇప్పపువ్వు సేకరణ గిరిజన కుటుంబాలకు ఆహారమూ ఆదాయమూ. తెల్లవారుజామున రాలిన కండగల పూరేకులను ఏరి, శుభ్రం చేసిన నేల మీద కొన్నాళ్లు ఎండబెట్టి అమ్ముతారు. మోదుగపువ్వు ఎండు రేకలు హోలీ రంగుకు ఆధారం. తెలంగాణలో బతుకమ్మకు పేర్చే గునుగుపువ్వు కోసిన తర్వాత కూడా రూపు చెడకుండా నిలుస్తుంది. అది స్వభావతః పొడిగా ఉండే పువ్వు కనుక దానికి ప్రత్యేక ప్రక్రియ అక్కరలేదు.

వేప, ఇప్ప, మోదుగ మూడూ ఫాల్గుణ చైత్ర మాసాల పూలు. గాలి పొడిగా, ఎండ తీవ్రంగా ఉండే రోజులవి. నేల మీద పరిస్తే చాలు. నేటి తోటల్లో దసరా దీపావళి సంతల కోసం వేసే బంతి, చామంతి కోతకు వచ్చేది ఆశ్వయుజం నుంచి. నైరుతి రుతుపవనాల చివర, ఈశాన్య రుతుపవనాల ఆరంభం, తుఫానుల కాలం ఇవన్నీ ఆ రోజుల్లోనే కలుస్తాయి. సంప్రదాయ జ్ఞానం ఉన్నా అది వేరే రుతువుకు చెందినది. ‘మన అమ్మమ్మలు చేసిందే కదా’ అనే వాదన ఇక్కడ చెల్లదు. అమ్మమ్మలు కార్తికంలో పూలు ఎండబెట్టలేదు.

4. కోనసీమ గాలి:

పువ్వులోని నీటిని తీసుకుపోయేది గాలి. ఆ గాలిలో ఎంత ఖాళీ ఉందన్నదే అసలు ప్రశ్న. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. కోనసీమలో వానకాలపు ఉదయాల్లో తరచుగా ఉండే 80 శాతం సాపేక్ష ఆర్ద్రతలో అందులో 24 గ్రాములు ముందే నిండి ఉంటాయి. మిగిలింది 6 గ్రాముల చోటు. అదే గాలిని 45 డిగ్రీలకు వేడిచేస్తే, ఒక్క చుక్క నీరు తీయకుండానే, సాపేక్ష ఆర్ద్రత సుమారు 35 శాతానికి దిగుతుంది. దాహం లేని గాలి దాహమున్న గాలి అవుతుంది.

దీని నుంచి రెండు విషయాలు తేలుతాయి. మొదటిది, ఇక్కడ కావలసింది తీవ్రమైన వేడి కాదు, గాలిని 10 నుంచి 15 డిగ్రీలు వేడెక్కించి కదిలించే ఏర్పాటు. రెండోది, ఎండిన పువ్వును బయట వదిలితే అదే గాలి నీటిని తిరిగి ఇచ్చేస్తుంది. పగలంతా కష్టపడి ఆరబెట్టిన రేకలు రాత్రి వరండాలో ఉంటే తెల్లారేసరికి మెత్తబడతాయి. ఎండు పూల పరిశ్రమకు దేశంలో పేరున్న తూత్తుకుడిని ఆదర్శంగా చూపేవారు ఈ అంశాన్ని విస్మరిస్తారు. ఉప్పు మడులకు ప్రసిద్ధమైన ఆ తీరంలో వాన తక్కువ, ఎండ ఎక్కువ, పక్కనే ఓడరేవు. పైగా భారతదేశపు పూల ఎగుమతుల్లో ‘ఎండు పూలు’ అన్న పద్దు కింద పోయేది ఎక్కువగా పువ్వు కాదు. తామర కాయలు, పత్తి డొప్పలు, గింజ తొడుగులు, కొమ్మలు, ఆకులు అందులో ప్రధానం. ఆ పద్దును చూపి బంతి రైతుకు ఆశ పెట్టడం సమంజసం కాదు. కొబ్బరి పొత్తి వంటి పీచు భాగాలకు ఆ మార్గంలో కోనసీమ నుంచి చోటు దొరకవచ్చు, కానీ అది పూల సాగుకు సంబంధించిన విషయం కాదు.

5. ఏ పువ్వుకు ఏ పద్ధతి:

పద్ధతిని నిర్ణయించేది పువ్వు ఒక్కటే కాదు, దాని తుది ప్రయోజనం. అలంకరణకు రూపం ముఖ్యం, రంగు పదార్థానికి రేకలోని వర్ణకం ముఖ్యం, పానీయానికి శుభ్రత ముఖ్యం.

రూపం నిలవాలంటే పువ్వును ఏదైనా పొడి పదార్థంలో పాతిపెట్టి ఆరబెట్టాలి. కడిగి ఆరబెట్టిన సన్నని ఏటి ఇసుక అన్నిటికన్నా చౌక. కానీ బరువు వల్ల పలుచని రేకలు నలుగుతాయి. సిలికా జెల్ తేమను తానే పీల్చుకుంటుంది కనుక వేగంగా పనిచేస్తుంది, వేడిచేసి మళ్లీ మళ్లీ వాడవచ్చు. నీలి రంగు సూచిక గల రకంలో కోబాల్టు లవణం ఉంటుంది. ఇళ్లలో స్త్రీలు చేతులతో చేసే పనికి నారింజ రంగు రకమే తగినది. పువ్వు నిటారుగా, రేకల మధ్య సందులు నిండేలా పోయడంలోనే నైపుణ్యమంతా ఉంది. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ ఈ నిర్జలీకరణ విధానాలపై దీర్ఘకాలం కృషి చేసి శిక్షణ ఇస్తూ వచ్చింది. బొగడబంతి, కాగితపు పువ్వు వంటివాటిని కట్టలు కట్టి నీడలో తలకిందులుగా వేలాడదీస్తే చాలు. మల్లెను ఏ పద్ధతిలో ఆరబెట్టినా గోధుమరంగుకు తిరుగుతుంది, పరిమళం పోతుంది. తెల్లపూలలోని ఎంజైములు గాలి తగలగానే పని మొదలుపెట్టడమే రంగు మారడానికి కారణం. మల్లె రైతుకు ఎండబెట్టమని సలహా ఇవ్వకపోవడమే మేలు.

బంతి సంగతి వేరు. దాని పసుపు, నారింజ రంగులకు మూలం ల్యూటిన్ తదితర కెరోటినాయిడ్లు. కోడిగుడ్డు సొనకు రంగునిచ్చే దాణాలో, కంటి ఆరోగ్యానికి వాడే మాత్రల్లో ఈ పదార్థానికి గిరాకీ ఉంది. రేకలు విడదీసి పలుచగా పరిచి మితమైన వేడిలో ఆరబెడితే వర్ణకం చాలావరకు నిలుస్తుంది. నేరుగా ఎండ తగిలితే క్షీణిస్తుంది. అయితే రంగు తీసే కర్మాగారాలు ఒప్పంద సాగు ద్వారా పెద్ద ఎత్తున పువ్వు సేకరించి, మాగబెట్టి, యంత్రాలతో ఎండబెట్టుకుంటాయి. పది కిలోల రైతు అక్కడ పోటీపడలేడు. అతడి బంతి రేకకు ధూపద్రవ్యాలు, సహజ రంగులు, ముగ్గుల పొడులు వంటి దగ్గరి మార్కెట్లే వాస్తవికమైనవి.

పానీయాలకు వాడే పూలలో శంఖుపుష్పం ముందుంది. పెరటి కంచె మీద పాకే తీగ అది, నీలి వర్ణకం ఆరబెట్టినా బాగా నిలుస్తుంది. ‘హైబిస్కస్ టీ’ పేరుతో ప్రపంచమంతటా అమ్ముడయ్యే ఎర్రని పదార్థం చాలామంది అనుకున్నట్లు పెరటి మందారం కాదు. ఎర్ర గోంగూర కాయను చుట్టి ఉండే పుల్లని రక్షకపత్రాలవి. గోంగూరను ఆకు కోసమే పెంచి కాయను గింజకు వదిలేసే తెలుగు రైతుకు ఈ సంగతి తెలియవలసి ఉంది. ఆహారంగా వాడే ఏ పువ్వుకైనా ఒక నియమం తప్పదు: పురుగుమందు చల్లిన తోటది, దేవుడికి వేసి తీసినది దీనికి పనికిరాదు. సంతకు పండించిన బంతి, చామంతి తోటల్లో మందుల వాడకం సాధారణం కనుక ఆ పూలను పానీయాల వైపు మళ్లించడం తగదు.

6. కొబ్బరి నేర్పిన పాఠం, కొబ్బరి ఇచ్చే ఇంధనం:

పచ్చి కొబ్బరిలో దాదాపు సగం నీరు. నూనె ఆడాలంటే దాన్ని 6 శాతం దగ్గరకు తేవాలి. కాయను నెలల తరబడి అటక మీద ఉంచి, లోపలి నీరు ఇంకి కొబ్బరి గుండ్రంగా విడివడే దాకా ఆగే కురిడీ విధానం తడిగాలికి కోనసీమ కనిపెట్టుకున్న జవాబు. చిప్పే అక్కడ కవచం. వాన పట్టినప్పుడు తరిగిన కొబ్బరికి బూజు పట్టకుండా చూసుకోవడం ఇక్కడివారికి చిరపరిచితమైన పోరాటం.

కాసరగోడులోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ కొబ్బరి ఎండబెట్టడానికి చిప్పలనే ఇంధనంగా వాడే పొయ్యిలను రూపొందించింది. వాటి విశేషం పరోక్ష వేడి. చిప్పలు వేరే గదిలో మండుతాయి, పొగ గొట్టం గుండా బయటికి పోతుంది, శుభ్రమైన గాలి వేడెక్కి పై అరలోని సరుకును తాకుతుంది. కొబ్బరికి పొగవాసన పట్టకూడదన్న ఉద్దేశంతో చేసిన ఈ ఏర్పాటు పూలకు మరింత తగినది. అయితే యథాతథంగా కాదు. కొబ్బరికి 60 డిగ్రీల వరకు వేడి సరిపోతుంది. శంఖుపుష్పం, గోంగూర వంటి వాటికి 40, 45 డిగ్రీలు దాటనివ్వకపోవడం మంచిది, బంతి రేకలు కొంత ఎక్కువ తట్టుకుంటాయి. అందువల్ల చిప్పలు తక్కువ వేయడం, గాలి ద్వారాలు పెద్దవి చేయడం, లోతైన అర బదులు పలుచని జల్లెడ తట్టలు వరుసగా అమర్చడం అవసరం. ఒక ఉష్ణమాపకం తప్పనిసరి. చేత్తో చూసి వేడిని అంచనా వేసే అలవాటు కొబ్బరికి చెల్లింది, పువ్వుకు చెల్లదు.

ఇంధనం లెక్క చూడవచ్చు. 10 కిలోల తాజా బంతి రేకల్లో 88 శాతం నీరు ఉందనుకుంటే పొడి పదార్థం 1.2 కిలోలు. 10 శాతం తేమ దగ్గర ఆపితే చేతికి వచ్చేది సుమారు 1.33 కిలోలు, పోవలసిన నీరు 8.67 కిలోలు. కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 2,400 కిలోజౌళ్ల చొప్పున మొత్తం 21,000 కిలోజౌళ్లు కావాలి. నిర్మలమైన రోజున ఒక చదరపు మీటరుపై సుమారు 18,000 కిలోజౌళ్ల సౌరశక్తి పడుతుంది. అందులో 30 శాతాన్ని వాడుకోగల సౌర పెట్టె అయితే 4 చదరపు మీటర్ల వైశాల్యం సరిపోతుంది. మబ్బు పట్టిన రోజున ఈ లెక్క తలకిందులవుతుంది. అప్పుడు కిలోకు 19,000 కిలోజౌళ్ల వేడినిచ్చే చిప్పలను, ఐదో వంతు మాత్రమే ఉపయోగపడే సాదా పొయ్యిలో మండించినా, 5 లేదా 6 కిలోలు చాలు. ఒలుపు, కొబ్బరి పనులు జరిగే ఊళ్లో ఇది దొరకని వస్తువు కాదు. చిప్ప బొగ్గుకు మంచి ధర ఉన్నప్పుడు మాత్రం చిప్పను ఉచిత ఇంధనంగా లెక్కించడం పొరపాటు.

హైదరాబాదులోని ‘సీడ్’ సంస్థ వంటివి పండ్లు, కూరగాయల కోసం సౌర పెట్టెలను ప్రచారంలోకి తెచ్చాయి. పూలకు వాటిని వాడేటప్పుడు గాజు లేదా ప్లాస్టిక్ కప్పు కింద నల్లని గుడ్డ పరిచి రేకలపై నేరుగా వెలుతురు పడకుండా చేయాలి. ఎండలో కాక ఎండ వేడికి ఆరబెట్టడమన్న మాట. పగలు సౌర పెట్టె, మబ్బుకు, రాత్రికి చిప్ప పొయ్యి అన్న జంట ఏర్పాటు ఈ ప్రాంతపు ఆశ్వయుజ కార్తికాలకు సరిపడినది.

7. ధర, వేళ, చేతులు:

పై లెక్క నుంచే ఆర్థిక సత్యం కూడా బయటపడుతుంది. కిలో ఎండు రేకకు ఏడున్నర కిలోల తాజా రేక కావాలి. తొడిమ, అడుగు భాగం తీసివేస్తే పువ్వు బరువు ఇంకా ఎక్కువే. తాజా రేక విలువ కిలో 10 రూపాయలు పడిన నాడు కిలో ఎండు రేకలో సరుకు విలువ 75 రూపాయలు. అదే 100 రూపాయలున్న పండుగ నాడు 750. పండుగ ధరకు ఎండబెట్టడం అర్థంలేని పని. ధర పడిన రోజుల్లోనే ఇది గిట్టుతుంది.

ఇక్కడే అసలు చిక్కు. ధర పడిందని రైతుకు తెలిసేది సంతకు చేరాక. అక్కడ అమ్ముడుపోక సాయంత్రానికి తిరిగివచ్చిన పువ్వు గోనెలో నలిగి, వేడెక్కి, వాడి ఉంటుంది. దాన్ని ఏ పొయ్యీ బాగుచేయదు. ఎండు సరుకు నాణ్యత కోత కోసిన తొలి కొద్ది గంటల్లో నిర్ణయమైపోతుంది. మంచు ఆరాక, ఎండ ముదరక ముందు కోసి, ఆ పూటే తట్టలకెక్కించాలి. కాబట్టి ఎండబెట్టడం మిగులు పూలకు చేసే పని అన్న భావన మొదట మారాలి. ఎంత సంతకు, ఎంత తట్టకు అన్నది తోటలోనే, ఉదయమే తేలాలి. ఒంటరి రైతు ఆ సాహసం చేయలేడు. ముందుగా ఒప్పుకున్న కనీస ధరకు ఆ ఉదయమే తూకం వేసి తీసుకునే స్వయం సహాయక సంఘం ఉంటే చేయగలడు.

కొనేవాడు ముందే తెలిసి ఉంటే పని ఎలా సాగుతుందో తిరుపతి ఉదాహరణ చూపుతుంది. 2021లో తిరుమల తిరుపతి దేవస్థానం, వెంకటరామన్నగూడెం కేంద్రంగా ఉన్న డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయంతో ఒప్పందం చేసుకుంది. స్వామివారి సేవలో వాడిన పూలను ఎండబెట్టి దేవతా చిత్రపటాలు, జ్ఞాపికలు చేయడానికి తిరుపతిలోని ఆ విశ్వవిద్యాలయ పరిశోధన స్థానంలో మహిళలకు శిక్షణ ఇచ్చారు. అక్కడ పువ్వు నిత్యం వస్తుంది, కొనే భక్తుడూ నిత్యం వస్తాడు. ఆ స్థాయి మరెక్కడా ఉండదు. అయితే తాటిపాకకు దగ్గరలో అప్పనపల్లి, మరికొంత దూరంలో అంతర్వేది ఉన్నాయి. అంతర్వేది తీర్థం మాఘంలో, అంటే గాలి కాస్త పొడిగా మారిన తర్వాత వస్తుంది. కార్తికంలో ఆరబెట్టి దాచిన పూలతో చేసిన పటాలకు అది అనువైన తొలి సంత కాగలదు. అదే విశ్వవిద్యాలయపు పరిశోధన స్థానం అంబాజీపేటలో కొబ్బరిపై పనిచేస్తోంది. భారత వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన పూల పరిశోధన సంచాలనాలయపు ప్రాంతీయ కేంద్రం కడియం దగ్గరి వేమగిరిలో ఉంది. కొబ్బరి పొయ్యి తెలిసినవారు ఒకచోట, పువ్వు తెలిసినవారు మరోచోట ఉన్నారు. ఆ రెండింటినీ ఒకే తట్ట దగ్గరకు తెచ్చే పరీక్షలు చేపట్టదగినవి.

ప్రభుత్వ సహాయం విషయంలో ఒక భేదం గుర్తించాలి. 2020లో మొదలైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకం 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రుణ అనుసంధాన రాయితీ ఇస్తుంది. పేరే చెబుతున్నట్లు అది ఆహారానికి. గోంగూర పత్రాలు, శంఖుపుష్పం, వేపపువ్వు ఆరబెట్టే సంఘం ఆ తలుపు తట్టవచ్చు. పటాలకు పూలు ఆరబెట్టే సంఘానికి ఆ మార్గం లేదు. రెండు పనులూ ఒకే గదిలో చేస్తే శుభ్రత నియమాలు దెబ్బతింటాయి. తట్టలు, గది, నిల్వ డబ్బాలు వేరు కావాలి.

నిల్వ చివరి పని అయినా తేలిక పని కాదు. రేక చేతిలో కాగితంలా గలగలలాడితే చాలదు. రేకలను గాజు సీసాలో మూసి రాత్రంతా ఉంచినప్పుడు లోపలి గోడకు చెమట పట్టకూడదు. పట్టిందంటే మళ్లీ తట్టకెక్కించాలి, లేకపోతే వారం తిరగకుండానే బూజు వస్తుంది. పరీక్షకు నిలిచిన సరుకును అదే రోజు, గాలి చొరని డబ్బాల్లో, సిలికా పొట్లంతో సహా మూసి, వెలుతురు తగలని చోట ఉంచాలి. డబ్బా మీద తోట గుర్తు, కోసిన తేదీ, మందు చల్లిన చివరి తేదీ రాయాలి. మూడో వివరం లేని డబ్బాను ఆహారపు వరుసలో పెట్టకూడదు.